ఇంట్లో తాగే మనిషిని డీఅడిక్షన్ సెంటర్‌లో చేర్చాలనుకుంటున్నారా? ముందు ఇవి తెలుసుకోండి

మా తమ్ముడు మోటార్ వైండింగ్ చేస్తాడు. మాది నెల్లూరు జిల్లాలో రొయ్యల చెరువులున్న ఊరు కాబట్టి కాలిపోయిన ఏరియేటర్ (చెరువు నీళ్లకి గాలి అందించే) మోటార్లకి కొదవ లేదు, వాడికి పనికీ కొదవ లేదు. సన్నటి రాగితీగని లెక్కపెట్టుకుంటూ చుట్టి, ఆ చుట్టని స్లాట్లలో కూర్చోబెట్టే పని. చేయి నిలకడగా ఉండాలి. ఒకప్పుడు పొద్దున్నే క్వార్టర్ పడితే గానీ వాడి చేయి నిలకడకి వచ్చేది కాదు. తాగినవాడికి వణుకు అనుకుంటాం గానీ, మావాడికి తాగకపోతే వణుకు.

వాణ్ని రెండుసార్లు చేర్చాను. మొదటిసారి చేర్చిన చోటూ తప్పే, చేర్చిన తీరూ తప్పే. ఆ తప్పు మీరు చేయకూడదని ఇది రాస్తున్నా. నేను డాక్టర్ని కాదు, టైలర్ని. కానీ ఆసుపత్రి వరండాల్లో కూర్చుని, డాక్టర్లని అడిగి, దెబ్బలు తిని తెలుసుకున్నవి ఇవి.

ఇంట్లో కూర్చోబెట్టి ఆపించకండి

1993లో మా రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన పోరాటం మా జిల్లాదే. మా అమ్మ కూడా చీపురు పట్టుకుని సారా కొట్టు ముందు కూర్చున్న మనిషి. నాకప్పుడు పన్నెండేళ్లు. దుకాణం మూతపడ్డాక నాయనకి సారా దొరకలేదు. మొదటి రోజు చెమటలు, వాంతులు. రెండో రోజు నిద్ర లేదు. మూడో రాత్రి నాయన లేచి కూర్చుని, మట్టినేల మీద వంగి, రెండు చేతులతో నారు పీకడం మొదలుపెట్టాడు. అక్కడ నారు లేదు. పీకిన పిడికిలిని పక్కన పెడుతున్నాడు, మళ్లీ పీకుతున్నాడు. గాలి సోకిందన్నారు. తాయెత్తు కట్టారు, వేపమండలతో కొట్టారు. తెల్లారేసరికి ఒళ్లు కాలిపోతోంది. మధ్యాహ్నానికి పోయాడు.

దానికి ఇంగ్లీషులో డెలీరియం ట్రెమెన్స్ అని పేరుందని, వైద్యం ఉందని నాకు తెలియడానికి పాతికేళ్లు పైన పట్టింది. రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే, ఆరు గంటల నుంచే వణుకు, గుండెదడ మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావొచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా ఈ మతిచలించే స్థితి రావొచ్చు. అందరికీ రాదు. కానీ పొద్దున లేవగానే తాగాల్సి వస్తున్నవాళ్లకీ, ఇంతకుముందు ఆపినప్పుడు ఫిట్స్ వచ్చినవాళ్లకీ, లేనివి కనపడినవాళ్లకీ ముప్పు ఎక్కువ. కాబట్టి గదిలో పెట్టి తాళం వేయడం, సీసాలన్నీ పారబోసి కాపలా కూర్చోవడం చేయొద్దు. ముందు ఆసుపత్రి, ఆ తర్వాతే ఆపడం.

ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచా పెట్టొద్దు, నీళ్లు పోయొద్దు. చేతిలో తాళాల గుత్తి పెడితే ఆగుతుందన్నది ఉత్తమాట. 108కి ఫోన్ చేయండి.

తెలంగాణ వాళ్లకి ఇంకో మాట. కల్లులో అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు కలిపి అమ్మే చోట్ల, ఆ కల్లు ఒక్కసారిగా ఆగినా ఇదే ప్రమాదం. 2020 లాక్‌డౌన్ మొదటి వారాల్లో హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి జనం అంతగా పోటెత్తింది అందుకే. "కల్లే కదా" అని తేలిగ్గా తీసుకోకండి.

నా మొదటి తప్పు, రెండో తప్పు

సెంటర్ దాకా వెళ్లకముందు, ఎవరో ఇచ్చిన మాత్రల్ని పొడి చేసి సాంబారులో కలిపాను. తాగుడు మాన్పించే మందు, వాడికి తెలియకుండా పెట్టమన్నారు. ఆ రాత్రి వాడు తాగొచ్చాడు. ముఖం కందగడ్డ అయింది, గుండె కొట్టుకోవడం చొక్కా పైనుంచే కనిపించింది, వాంతులు ఆగలేదు. మరదలు భయంతో నా చేయి పట్టుకుని "వదినా, ఏం పెట్టావు?" అంది. అప్పుడు చెప్పాను. అది డైసల్ఫిరామ్. మంచి మందే, కానీ తీసుకునే మనిషికి తెలిసి, ఒప్పుకుని, గుండె, కాలేయం పరీక్షలయ్యాక డాక్టర్ చెబితే వేసుకోవాల్సింది. దొంగచాటుగా పెడితే ప్రాణం పోవచ్చు. ఇప్పటికీ పత్రికల్లో "తెలియకుండా ఇవ్వవచ్చు" అన్న ప్రకటనలు చూస్తే నా కడుపులో తిప్పుతుంది.

రెండో తప్పు పెద్దది. ఒక ప్రైవేటు సెంటర్ వాళ్లు, మీరు రాయించుకోండి చాలు, మేమే వచ్చి తీసుకెళ్తాం అన్నారు. నెలకి పద్దెనిమిది వేలు. రాత్రి పదకొండుకి వ్యాన్ వచ్చింది. నలుగురు దిగారు. నిద్రలో ఉన్నవాణ్ని లేపి, తువ్వాలుతో చేతులు వెనక్కి కట్టారు. "అక్కా, నువ్వే పిలిచావా?" అన్నాడు. పిల్లలు గుమ్మంలో నిలబడి చూశారు. మూడు నెలలు ఫోన్ ఇవ్వలేదు, చూడనివ్వలేదు. గుండు గీశారు, వంటపాత్రలు తోమించారు, డాక్టర్ అన్నవాణ్ని చూడనేలేదంట. ఇంటికొచ్చిన సాయంత్రమే తాగాడు. ఏడాది నాతో మాట్లాడలేదు. ఆ యాభై నాలుగు వేలతో నేను కొన్నది వాడి కోపం ఒక్కటే.

అక్కడ జరిగినవన్నీ చట్టం వద్దన్నవేనని తర్వాత తెలిసింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుపదార్థాల వల్ల వచ్చే జబ్బులకీ వర్తిస్తుంది. గొలుసులతో కట్టడం నిషేధం. బలవంతంగా గుండు గీయకూడదు. కూలి ఇవ్వకుండా పని చేయించకూడదు. మనిషికి తన బట్టలు తాను వేసుకునే హక్కు, చూడటానికి వచ్చినవాళ్లని కలిసే హక్కు, ఫోన్ మాట్లాడే హక్కు ఉన్నాయి. తనంతట తాను చేరిన మనిషి వెళ్తానంటే పంపాలి. పరీక్షించి చూడటానికి డాక్టర్ 24 గంటల దాకా ఆపొచ్చు, అంతే. మనిషి పరిస్థితి తీవ్రంగా ఉండి, తనకో పక్కవాళ్లకో ప్రమాదమైతే, లేదా తనని తాను చూసుకోలేకపోతే, అతని తరఫున నామినీగా ఉన్నవాళ్లు దరఖాస్తు పెట్టి చేర్చే దారి వేరే ఉంది. దానికి ఇద్దరు నిపుణులు విడివిడిగా చూసి ఒప్పుకోవాలి, గడువు 30 రోజులు. నలుగురు రౌడీల్ని పంపే దారి ఏ చట్టంలోనూ లేదు. ఇలాంటిది మీ ఇంట్లో జరిగి ఉంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్లండి. ఫీజు అడగరు.

మనిషిని ఒప్పించడం

రెండోసారి ఏడాదిన్నర ఆగాను. సమయం వాడే తెచ్చాడు. ఒక రైతు మోటారు రెండుసార్లు వైండింగ్ చేసినా కాలిపోయింది, ఒక రాత్రిలో చెరువులో రొయ్య తేలిపోయింది. ఆ రైతు ఒక్క మాట అనకుండా వెళ్లిపోయాడంట. తిట్టి ఉంటే వాడు తాగి మర్చిపోయేవాడు. తిట్టలేదు గనక రెండు రోజులు అన్నం తినలేదు.

మూడో రోజు పొద్దున్న, ఒక గుక్క పడి వణుకు తగ్గాక, మత్తు ఎక్కకముందు మాట్లాడాను. ఆ అరగంటే మాట వినే సమయం. రాత్రి తాగి ఉన్నప్పుడు పెట్టే ఒట్లకీ ఏడుపులకీ విలువ లేదు. పదిమందిని కూర్చోబెట్టి పంచాయితీ పెట్టలేదు, నేనొక్కదాన్నే వెళ్లాను. తాగుడు మానెయ్ అనలేదు. "నీకు నిద్ర పట్టడం లేదు, చేయి ఆగడం లేదు. దానికి మాత్రలుంటాయంట. రేపు ఓపీకి పోదాం. డాక్టర్‌తో మాట్లాడాక ఉండాలో వద్దో నువ్వే చెప్పు" అన్నాను. చాలాసేపు మోటారులోని స్టేటర్‌ని గీకుతూ కూర్చుని, "కట్టెయ్యరు గదా?" అన్నాడు. కట్టరన్నాను. ఆ మాట నిలబెట్టుకోవడానికే ఈసారి చోటు వెతికాను.

తిరుపతి పోదామని చెప్పి సెంటర్ ముందు దింపేవాళ్లున్నారు. దయచేసి అలా చేయకండి. వైద్యం మొదలయ్యే ముందే నమ్మకం పోతుంది.

చోటు ఎంచుకోవడం

మూడు రకాలున్నాయి. ఒకటి, ప్రభుత్వ ఆసుపత్రుల మానసిక వైద్య విభాగాలు. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖ చినవాల్తేరులో ఉన్న మానసిక వైద్యశాలలూ, బోధనాసుపత్రుల్లోని వార్డులూ ఈ కోవలోవి. ఫిట్స్, కాలేయం, కామెర్లు లాంటి చిక్కులున్నవాళ్లకి ఇదే మొదటి మెట్టు. రెండు, కేంద్ర సామాజిక న్యాయ శాఖ గ్రాంటుతో స్వచ్ఛంద సంస్థలు నడిపే పునరావాస కేంద్రాలు. వైద్యం ఉచితం. మూడు, ప్రైవేటువి. వీటిలో దేవాలయంలాంటివీ ఉన్నాయి, నేను చూసిన రకమూ ఉంది. మీ దగ్గర ఏది ఉందో 14446కి ఫోన్ చేస్తే చెబుతారు, అది మత్తు విముక్తి జాతీయ హెల్ప్‌లైన్. 14416 ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్‌లో తెలుగులోనే మాట్లాడొచ్చు. రెండింటికీ డబ్బు పడదు.

ఫోన్‌లో బేరం మాట్లాడి చేర్చకండి. వెళ్లి చూడండి. రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ ఇచ్చిన రిజిస్ట్రేషన్ కాగితం అడగండి. సైకియాట్రిస్ట్ వారానికి ఎన్నిసార్లు వస్తారు, రాత్రి రెండింటికి ఫిట్స్ వస్తే ఎవరు చూస్తారు, ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు అని అడగండి. ఈ చివరి ప్రశ్నకి తడబడితే అక్కణ్నుంచి లేచి వచ్చేయండి. వంటగదీ బాత్రూమూ చూడండి. లోపలున్నవాళ్ల ముఖాలు చూడండి, మీతో మాట్లాడటానికి భయపడుతున్నారేమో తెలిసిపోతుంది. ఇంటివాళ్లకి కౌన్సెలింగ్ ఉందా అని అడగండి. ఎన్ని రోజులు, ఎంత ఖర్చు అన్నది కాగితం మీద రాయించుకోండి. "తొంభై రోజుల్లో గ్యారంటీ" అన్నవాళ్లని నమ్మకండి. బీపీకి, షుగరుకి ఎవరైనా గ్యారంటీ ఇస్తున్నారా?

సంచిలో నాలుగు లుంగీలు, చొక్కాలు, చెప్పులు, ఆధార్ జిరాక్సు, ఇప్పటికే వాడుతున్న మాత్రల అట్టలు పెట్టండి. సెంటు, శానిటైజర్, దగ్గు సిరప్పు వద్దు. వాటిలోనూ ఆల్కహాల్ ఉండొచ్చు. మనిషి ఎంత తాగుతాడో, చివరిసారి ఎప్పుడు తాగాడో, నిద్రమాత్రలూ గంజాయీ లాంటివి ఉన్నాయో దాచకుండా చెప్పండి. పరువు కోసం "అప్పుడప్పుడూ" అంటే డోసు తప్పుతుంది. గంజాయి లేదా ఇంజక్షన్ల సంగతి చెబితే పోలీసులు పట్టుకుంటారని భయపడేవాళ్లుంటారు. తన వాడకం కోసం కొద్దిపాటి మత్తుమందు దగ్గర ఉంచుకున్న బానిస, తనంతట తాను గుర్తింపు ఉన్న కేంద్రంలో చేరి వైద్యం పూర్తిచేస్తే కేసు నుంచి రక్షణ ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల) చట్టంలోని 64ఎ సెక్షన్‌లోనే ఉంది.

మూడో రాత్రి

మేము వెళ్లింది మా పెద్దాసుపత్రి వార్డుకి. రక్తపరీక్షలు, కాలేయం పరీక్ష అయ్యాయి. బి1 విటమిన్, అంటే థయమిన్, ఇంజక్షన్‌గా ఇచ్చారు. నీరసంగా ఉన్నాడు, గ్లూకోజ్ ఎక్కించండి అని నేను గోల చేస్తే నర్సమ్మ ఆపింది. చాలాకాలం తాగినవాళ్ల ఒంట్లో ఆ విటమిన్ ఉండదంట, అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడుకే దెబ్బంట. వణుకు తగ్గడానికి క్లోర్‌డయాజిపాక్సైడ్ మాత్రలు రోజుకి ఇన్నని మొదలుపెట్టి, మెల్లగా తగ్గించుకుంటూ వచ్చారు. కాలేయం బాగా దెబ్బతిన్నవాళ్లకి లోరాజిపామ్ వాడతారని చెప్పారు.

ఇన్ని ఇచ్చినా మూడో రాత్రి వచ్చింది. ఒంటిగంటప్పుడు కళ్లు తెరిచి చూస్తే వాడు మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఎడమచేతి వేళ్ల మధ్య లేని తీగ పట్టుకుని కుడిచేత్తో చుడుతున్నాడు. "ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది, నలభై..." నలభై రెండు దగ్గర ఆగి, తెంపి, పళ్లతో కొరికి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు. నాకు మా మట్టిల్లు, నారు పీకుతున్న నాయన కనపడ్డారు. అరుచుకుంటూ నర్స్ దగ్గరికి పరిగెత్తాను. ఆమె తాపీగా వచ్చి, పేరు అడిగింది, ఇవాళ ఏ వారం అని అడిగింది, నాడి చూసింది, జ్వరం చూసింది, డ్యూటీ డాక్టర్‌ని పిలిచింది. ఇంజక్షన్ పడింది. గదిలో లైటు తీయలేదు. "మీరు పక్కన కూర్చుని మాట్లాడుతూ ఉండండి, ఎక్కడున్నాడో చెబుతూ ఉండండి" అంది. తెల్లవార్లూ చెప్పాను. ఐదో రోజు పొద్దున్న వాడు "ఏందక్కా, నిద్రపోలేదా?" అన్నాడు.

నాయనకి కావాల్సింది ఆ ఇంజక్షనూ, ఆ లైటూ, ఆ నర్సమ్మా.

లోపల వాడు ఉన్నన్నాళ్లూ మీ పని

పది రోజుల్లో ఒంట్లో విషం దిగింది. చాలామంది అక్కడితో అయిపోయిందనుకుని ఇంటికి తెచ్చుకుంటారు. అసలు బస అక్కణ్నుంచే మొదలు. వాణ్ని అక్కణ్నుంచి ఒక స్వచ్ఛంద సంస్థ కేంద్రంలో నెల రోజులు ఉంచాం. పొద్దున వ్యాయామం, తర్వాత గ్రూపులో కూర్చుని మాట్లాడుకోవడం, విడిగా కౌన్సెలింగ్, ఏ సమయంలో, ఎవరితో ఉంటే, ఏ బాధలో తాగాలనిపిస్తుందో రాసుకోవడం. మావాడి నోట్‌బుక్కులో మొదటి పేజీలో రాసింది: "సాయంత్రం ఆరు, కూలీ డబ్బులు, బెల్టు షాపు దారి."

ఆ నెల ఇంటివాళ్లకి సెలవు కాదు. మేము బెల్టు షాపులో ఉన్న బాకీ తీర్చి, ఇక అప్పు ఇవ్వొద్దని చెప్పాం. షెడ్డులో పాత స్టేటర్ల వెనక దాచిన సీసాలు తీశాం, పదిహేడు దొరికాయి. అమ్మ చాటుగా వాడికి వంద, రెండొందలు ఇచ్చేది, పాపం కొడుకు వణుకుతున్నాడని. తిట్టకుండా కౌన్సెలర్ దగ్గర కూర్చోబెట్టాం. మరదలికి మాట్లాడే అవకాశం ఇచ్చిన మొదటి చోటు ఆ గది. పదకొండేళ్ల కాపురంలో వాడు ఎన్ని రాత్రులు కొట్టాడో వాడి ముందే చెప్పింది. వాడు తల ఎత్తలేదు. ఆ మాటలు బయటికి రాకుండా ఇంటికొచ్చి ఉంటే, ఏదో ఒక సాయంత్రం అవే గొడవై బయటపడేవి.

ఆదివారం కలవడానికి వెళ్లినప్పుడు ఇంటి బాధల చిట్టా విప్పకండి, ఇంటికి తీసుకెళ్తానని మాట ఇవ్వకండి. రెండో వారంలో "బాగయ్యాను, తీసుకుపోండి" అని అందరూ ఏడుస్తారు. డాక్టర్‌తో మాట్లాడి చెబుతానని అంతవరకే చెప్పండి. దెబ్బలు, ఆకలి గురించి చెబితే మాత్రం తోసిపుచ్చకండి, అప్పటికప్పుడు చూడాల్సింది అది.

ఇంటికొచ్చాక

డిశ్చార్జి కాగితం మీద మాత్రల పేర్లు, తర్వాతి ఓపీ తేదీ ఉన్నాయా చూసుకోండి. మద్యం మీదికి మనసు పోకుండా నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటివి ఇస్తారు, ఎవరికి ఏది అన్నది కాలేయం, కిడ్నీ చూసి నిర్ణయిస్తారు. మావాడు తెలిసే, అడిగే డైసల్ఫిరామ్ తీసుకున్నాడు. రోజూ పొద్దున మరదలి ముందు వేసుకునేవాడు. నేను సాంబారులో కలిపిన అదే మందు. ఆపిన తర్వాత కూడా రెండు వారాల దాకా అది ఒంట్లో పనిచేస్తుందని, ఈలోపు తాగితే ప్రమాదమని ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

హెరాయిన్, ట్రమడాల్ (నొప్పి మాత్ర) లాంటివి వాడినవాళ్ల ఇంట్లో ఇంకో జాగ్రత్త. నెల, రెండు నెలలు ఆపాక ఒంటికి పాత డోసు తట్టుకునే శక్తి పోతుంది. బయటికొచ్చి పాత లెక్కలో తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. చేర్చేటప్పుడే బ్యూప్రెనార్ఫిన్ అనే మందుతో చేసే చికిత్స గురించి డాక్టర్‌ని అడగండి.

సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా ఏం చేయాలన్నది ముందే అనుకోండి. మావాడు ఆ వేళకి షెడ్డు మూసి పిల్లల్ని ట్యూషన్ నుంచి తెచ్చే పని పెట్టుకున్నాడు, అదీ చెరువుకట్ట దారిలో. ఆదివారాలు ఆల్కహాలిక్స్ అనానిమస్ (తాగుడు మానాలనుకునేవాళ్లు కలిసి మాట్లాడుకునే సంఘం) మీటింగుకి వెళ్తాడు. తెలుగులోనే జరుగుతుంది, డబ్బు అడగరు, ఇంటిపేరు అడగరు. పెళ్లిళ్లకీ దినాలకీ మొదటి ఆరు నెలలు తీసుకెళ్లకపోవడమే మంచిది. "ఒక్క పెగ్గుకేమవుద్ది" అనే బావలు ప్రతి ఇంట్లో ఉంటారు.

2019లో కేంద్రం విడుదల చేసిన సర్వేలో మద్యానికి బానిసైన ప్రతి 180 మందిలో ఒక్కరికే ఆసుపత్రిలో ఉండి వైద్యం చేయించుకునే వీలు దొరికిందని ఉంది. ఆ ఒక్కడూ మావాడైనందుకు నేను రుణపడి ఉన్నాను. అయినా ఐదో నెలలో వాడు తాగాడు. సంక్రాంతి ముందు, డైసల్ఫిరామ్ ఆపేసి ఇరవై రోజులకి, బావమరిది ఇంట్లో. రాత్రి తొమ్మిదికి గుమ్మంలో నిలబడి, లోపలికి రాకుండా "అక్కా, తప్పయింది" అన్నాడు. అమ్మ గుండెలు బాదుకోబోతే నేను ఆపాను. ఇలాంటి రోజు వస్తే ఏం చేయాలో డిశ్చార్జి నాడే ముగ్గురం రాసుకున్న కాగితం బీరువా తలుపు లోపల అంటించి ఉంది. తిట్టకూడదు, డబ్బు ఇవ్వకూడదు, ఒంటరిగా వదలకూడదు, డాక్టర్‌కి చెప్పకుండా మాత్రలు మొదలుపెట్టకూడదు, మర్నాడే ఓపీ. మరదలు అన్నం పెట్టింది. నేను వాడి ఓపీ పుస్తకం సంచిలో పెట్టి, ఐదున్నరకి అలారం పెట్టాను. ఆరుంబావు బస్సులో కిటికీ పక్కన వాడు, వాడి పక్కన నేను. టికెట్ వాడే తీశాడు.